వాన చూడని బండి

అనంతపురంలో నాకో డ్రైవింగ్ స్కూలుంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని "మెల్లగా, మెల్లగా" అని గొంతు చించుకోవడమే నా పని. అలాంటిదానికి రేసు ట్రాక్ పిచ్చి ఎలా పట్టిందని మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. మూడో గేరు ఎరగని ఉద్యోగం కొన్నేళ్లు చేసి చూడమనండి, వాళ్లకీ పడుతుంది! తమిళనాడులో ఒక ట్రాక్ ఉంది. కొన్ని ఆదివారాలు, రుసుము కట్టిన ఎవరి బండినైనా లోపలికి వదులుతారు. పోటీ లేదు, బహుమతి లేదు, మలుపు తిరగ్గానే గొర్రెల మంద అడ్డం రాదు. ఎంత తోలగలిగితే అంత తోలుకోవచ్చు. నేనెంత తోలగలనో ఒక్కసారైనా చూసుకోవాలి, అదీ నా కోరిక. ఆగస్టులో ఒక ఆదివారానికి పేరు రాయించేశాను, చేతిలో బండి లేకుండానే.

కొత్త స్పోర్ట్స్ కారు నా తాహతుకు కలలో మాట. పాతది వెతకాలి. మొదట చెన్నైలో ఒక ఎర్ర కారు దొరికింది. రెండే తలుపులు, నేలకు ఆనినట్టుండే నడుము. ఫోటోలు చూసి మనసు పారేసుకున్నాను. కింది భాగం ఫోటో పంపమంటే అమ్మేవాడు పంపాడు. సముద్రపు గాలికి ఇనుమంతా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. ఆ రోజు అన్నం సయించలేదు. అప్పుడే నిర్ణయించుకున్నాను, కొంటే మా జిల్లా బండే కొనాలని. మా ఎండ రంగును వెలిసిపోయేలా చేస్తుంది, టైర్లను పగలగొడుతుంది, కానీ తుప్పు పట్టనివ్వదు. కరువు వల్ల మాకు కలిసొచ్చింది ఇదొక్కటే.

ముదిగుబ్బలో ఒక వేరుశనగ వ్యాపారి కొడుకు తన బండి అమ్ముతున్నాడని తెలిసింది. చూడ్డానికి మామూలు చిన్న కారే, లోపల ఇంజను మాత్రం స్పోర్ట్స్ రకం. మా నాయన నాతో బయలుదేరాడు. ఆయన గొర్రెలు మేపుతాడు. సంతలో వెన్ను తడిమి చూడకుండా పొట్టేలును కొన్న మనిషి కాదు. బండి చుట్టూ తిరిగి, బానెట్ నిమిరి, మోకాళ్ల మీద వంగి కిందకు చూశాడు.

"ఎముక గట్టిగుండాది పాపా," అన్నాడు.

నేను బ్రేకులు చూశాను, క్లచ్ చూశాను, గాలి ఫిల్టరు దులిపితే దోసెడు ఎర్రమట్టి రాలింది. టైర్లు పగిలాయి, కొత్తవి వేయాలి. తర్వాత బండిని కదిరి రోడ్డెక్కించాను. మూడో గేరులో గట్టిగా తొక్కేసరికి వీపు సీటుకు అతుక్కుపోయింది. ఒళ్లంతా జల్లుమంది, కేకేశాను. వెనక సీట్లోంచి వ్యాపారి కొడుకు "అక్కా, మెల్లగా! మెల్లగా పో అక్కా!" అని మొత్తుకుంటున్నాడు. జన్మలో అంత హాయిగా నవ్వలేదు నేను.

బేరం మా చేతుల్లో లేకుండా పోయింది. వ్యాపారి, మా నాయన ఇద్దరూ సంత మనుషులు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కుకుంటూ ధర మాట్లాడుకున్నారు. కొనే నేనూ, అమ్మే కొడుకూ పక్కన వెర్రిమొహాలు వేసుకుని నిలబడ్డాం. చివరికి మా నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని "నీదే పో" అన్నాడు.

కొత్త టైర్లు వేయించాను. ఆగస్టులో ఆ ఆదివారం ఆయనా నాతోపాటు ట్రాక్ దగ్గరికి వచ్చాడు. పొద్దున తనిఖీ అధికారి బ్రేకులు, బెల్టులు, హెల్మెట్ చూసి సరే అన్నాడు. నా వంతు మధ్యాహ్నం. ముందు వెళ్లిన బండ్ల మోత వింటూ కాలు ఒకచోట నిలపలేకపోయాను. సరిగ్గా నన్ను పిలిచే ముందు వాన అందుకుంది. అందరూ గొడుగుల కిందికి పరుగెత్తారు. మేమిద్దరం మాత్రం మొహాలు పైకెత్తి తడుస్తూ నిలబడ్డాం. వాన కనపడితే లోపలికి పోవడం మాకు అలవాటు లేదు.

అధికారి రెయిన్‌కోటులో వచ్చి వైపర్లు వేసి చూపమన్నాడు. బండెక్కి మీట నొక్కాను. కదల్లేదు. ఇంకోసారి నొక్కాను. రబ్బరు ఎండకు కరిగి అద్దానికి అంటుకుపోయింది, మోటారు ఎప్పుడో బిగుసుకుపోయింది. నేను చూడలేదు, నాయన చూడలేదు, అమ్మినవాడికీ తెలియదు. మా ఊళ్లో బండి కొనేటప్పుడు వైపర్లు వేసి చూసేదెవరు? వాన ఆగితే వెళ్లొచ్చు, ఆగకపోతే ఈ రోజుకింతే అని చెప్పి వెళ్లిపోయాడు అధికారి. నాకు ఏడుపొచ్చింది. స్టీరింగ్ మీద గుద్దాను కూడా.

అద్దం దించి చూస్తే నాయన కంచె పక్కన ఒక్కడే ఉన్నాడు. ఇంటి దగ్గర ఆయన వేరుశనగ చేను నేలలోకి ఊడలు దిగి కాయ పట్టే దశలో ఉంది, చినుకు లేక వాడిపోతోంది. వారం నుంచి ఆకాశం చూడని పూట లేదు. అలాంటి మనిషి రెండు చేతులూ జోడించి పైకి చూస్తూ మాట్లాడుతున్నాడు.

"రవ్వంత సేపు నిలుచుకో తల్లీ. నా బిడ్డ తిరుక్కోని వస్తాది. రవ్వంత సేపే."

సాయంత్రానికి జల్లు పలచబడి ఆగింది. అధికారి చివరి గుంపులో నన్ను వదిలాడు. రోడ్డింకా తడిగానే ఉంది, మొదటి మలుపులో వెనక చక్రాలు జారాయి, స్టీరింగ్ తిప్పి సర్దుకున్నాను. పొడవాటి దారి ఎదురయ్యాక మూడో గేరు, నాలుగో గేరు! ఇంజను అరుస్తోంది, నేనూ అరుస్తున్నాను. బతుకంతా వానను రమ్మని అడిగిన మనిషి నాకోసం దాన్ని ఆగమన్నాడు. కంచె దగ్గర ఆయన కనపడిన ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా తొక్కాను.