లిఫ్టు మెకానిక్ వీపెక్కిన సంచి

మా వీధి చివరి మేడలో ఉండే లిఫ్టు మెకానిక్‌ను అందరూ మెట్లాయన అంటారు. ఆ పేరులో వెటకారం ఎంతుందో న్యాయమూ అంతే ఉంది. లిఫ్టు ఆగిపోయాకే ఆయనకు కబురొస్తుంది. ఆగిపోయిన లిఫ్టు ఏనాడూ కింది అంతస్తులో ఆగదు. కనుక ఊరందరినీ కాలు కదపనివ్వకుండా మేడలెక్కించే ఆ మహానుభావుడు, తాను మాత్రం పానాల సంచి కుడి భుజాన వేసుకుని జీవితమంతా మెట్లే ఎక్కాడు. దాంతో కుడి భుజం ఎడమదానికన్నా ఒక మెట్టు దిగింది. తీగమీద ఆరేసిన చొక్కాను చూసి కూడా అది ఆయనదేనని పోల్చుకోవచ్చు.

భార్య కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా "ఇప్పుడు కనిపిస్తోందా?" అని పరాయివాళ్ళను అడిగే ఆవిడకు, ఈమధ్య ఊరి బయటి కొండ కనిపించింది. ఆదివారం నడకలు మొదలయ్యాయి. ముందు ఊళ్ళో వీధులు తిరిగారు, తర్వాత కొండ మొదలుపెట్టారు.

మెట్లాయన తన సంచిలోంచి పానాలు తీసేసి నీళ్ళసీసాలూ గొడుగూ బిస్కెట్లూ పెట్టి, యథాప్రకారం కుడి భుజానికి తగిలించాడు. సగం దారిలో భుజం పట్టేసింది. మూలుగుతూ దిగుతుంటే ఎదురుగా బావమరిది, వాడి నడక సంఘం వస్తున్నారు.

"బావా, కొండ నీకు పడదు. వచ్చేవారం అక్కను నాతో పంపించు. నువ్వు కింద టీ తాగుతూ మా బళ్ళకు కాపలా ఉందువు గాని."

ఇంటికొచ్చాక ఆవిడ మెల్లగా అంది: "నాకు మీతోనే పైదాకా వెళ్ళాలనుందండీ. వచ్చే ఆదివారం కూడా మీ భుజం మొరాయిస్తే తమ్ముడితో వెళ్ళిపోతా. వాడు దారిపొడుగునా మాట్లాడతాడు. ఆ పాపం మీకే తగులుతుంది."

ఆ విధంగా ఒక భుజం మీద ఒక కాపురం పరువు ఆధారపడింది. రెండు భుజాలకూ తగిలించి వీపున మోసే సంచి కోసం శనివారం దంపతులు బ్యాగుల దుకాణానికి బయలుదేరారు.

లోకులు ఖాళీ సంచి తగిలించుకుని, అద్దంలో మురిసి కొనేస్తారు. లిఫ్టు శాస్త్రంలో ఇది ఘోర అపచారం. లిఫ్టులోకి మనుషుల్ని ఎక్కించేముందు ఇనప దిమ్మెలు ఎక్కించి, పైకీ కిందికీ తిప్పి, నడుమ హఠాత్తుగా ఆపి చూడాలి. అందుకని మెట్లాయన నిండు నీళ్ళసీసాలు, గొడుగు, టిఫిను డబ్బా, శాలువా ఇంటినుంచే మోసుకొచ్చాడు.

"ఈ నీలం రంగు మీకు బాగుంటుంది సార్," అంది దుకాణంలో అమ్మాయి.

"వీపుమీద ఉండేదాన్ని నేనెక్కడ చూస్తానమ్మా? వెనకొచ్చేవాళ్ళకు బాగుండాలి."

"వెనకొచ్చేది నేనేగా," అంది భార్య. "నీలం తియ్యమ్మా."

అయినా ఆయన చెయ్యి ముందు దుకాణంలోకెల్లా పెద్ద సంచిమీదికే వెళ్ళింది.

"కొండెక్కుతున్నామా, ఇల్లు మారుతున్నామా?"

"జాగా ఉంటే మంచిదేగా!"

"జాగా ఉంటే మీరు ఊరుకుంటారా? ఇస్త్రీపెట్టె కూడా సర్దుతారు."

రెండో సంచి పట్టీలు సన్నవి. బరువు పెట్టగానే భుజాల్లోకి దిగాయి. మూడోది పొడుగు ఎక్కువై అడుగడుక్కీ నడుం కింద మొట్టింది. నాలుగోదే ఆ నీలం సంచి. పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉన్నాయి. వీపుకు ఆనేచోట గాలాడే వల. సంచి అడుగుభాగం సరిగ్గా నడుం పైన ఆగింది. సీసాలు వీపుకు దగ్గరగా సర్ది, గుండెమీద క్లిప్పు బిగించి, దుకాణం మెట్లు ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. జనం మూగారు.

"ఎమర్జెన్సీ బ్రేకు!" అని ప్రకటించి నడిమెట్టు మీద టక్కున ఆగాడు. వెనక వస్తున్న పెద్దాయన ముఖం నేరుగా సంచిలోకి దిగబడింది. ఆయన తేరుకుని, కళ్ళజోడు సర్దుకుని, "మెత్తగానే ఉందయ్యా, తీసుకో," అని ధ్రువీకరించాడు.

ఆదివారం మెట్లాయన కొండెక్కలేదు, తేలాడు. రెండు చేతులూ ఖాళీ. ఏం చెయ్యాలో తోచక కాసేపు చప్పట్లు కొట్టాడు. సంచి ఉందా, జారిపోయిందా అని మాటిమాటికీ వెనక్కి తడుముకున్నాడు. బావమరిదినీ సంఘాన్నీ దాటేశాడు, చివరికి భార్యనూ దాటేసి మలుపు తిరిగాడు.

ఆవిడ పైకి చేరేసరికి అక్కడ గాలి ఉంది, బల్లపరుపు బండ ఉంది, మొగుడు లేడు.

"బావేడే అక్కా?" అన్నాడు వెనకే రొప్పుతూ వచ్చిన తమ్ముడు.

కొండకు అవతలివైపు, చాలా కిందనుంచి కేక వినిపించింది: "ఇంకా ఎంతదూరమే?"

సంగతేమిటంటే, మెట్లాయన ఏనాడూ అంతస్తులు లెక్కపెట్టి ఎరగడు. భుజం మండితే సగం మేడ, చెయ్యి తిమ్మిరెక్కితే పై అంతస్తు. ఈవేళ భుజం కిక్కురుమనలేదు. అందుచేత ఆయన శిఖరాన్ని మామూలు చదును నేలగా భావించి, దాటేసి, దిగిపోతున్నాడు.

"మహాప్రభో, మీరు దిగుతున్నారు!" అని అరిచి, ఆవిడ పొట్ట పట్టుకుని బండమీద కూలబడి నవ్వింది. తమ్ముడు "అందుకే అక్కా, నేనేమంటానంటే..." అని మొదలుపెట్టేలోగా లేచి, చిన్నపిల్లలా ఆ వాలులోకి పరిగెత్తింది.

"నువ్వెందుకు దిగొచ్చావే? నేనే ఎక్కేవాణ్ణిగా!"

"మిమ్మల్ని నమ్మి పైన నిలబడితే, ఈసారి అటువైపు దిగిపోతారు."

నవ్వుతూ, జారుతూ, ఒకరినొకరు లాక్కుంటూ ఇద్దరూ ఎక్కారు. బండమీద పాదం మోపగానే ఆయన ఇంకో అడుగు వెయ్యబోయాడు. ఆవిడ నీలం సంచి పట్టీ పట్టుకుని గట్టిగా వెనక్కి లాగింది.

"ఇక్కడే. ఇదే పైన. ఇక ఆగండి."