క్యాంటీన్ సైరన్‌ను పట్టిచ్చిన ఒక్క లైను

2023, వానాకాలం. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అచ్యుతాపురంలోని ఒక రసాయనాల ఫ్యాక్టరీకి జావాలో ప్రోగ్రాం రాశాం. గ్యాస్ లీకైతే ఏయే చోట్ల సైరన్లు మోగాలో తేల్చేది అదే. దాన్ని తీసుకెళ్లడానికి ఆ ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ గ్రేస్ గారు స్వయంగా వచ్చి కూర్చున్నారు.

ఇచ్చేముందు యూనిట్ టెస్టులు నడిపాను. కోడ్‌లో ఒక్కో ముక్కా సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న పరీక్షలవి. ఒకటి తప్పింది. ‘true రావాలి, false వచ్చింది’ అంది. అంతే! దేని గురించో చెప్పదు. తప్పు రాసిన నాదే. ఫలితం ఇలా ఉండాలి అని చెప్పే లైనును అసర్షన్ అంటాం. నేను బద్ధకంకొద్దీ అంతా, ‘నిజమా, కాదా’ అని మాత్రమే చూసే ఒకే assertTrueలో కుక్కేశాను. assertEquals వాడితే రావాల్సినదీ వచ్చినదీ రెండూ కనిపించేవి, కానీ అందులో ఏది ముందు రాయాలో నాకెప్పుడూ తారుమారే. నా పక్క సీటు అప్పలరాజు assertThatతో వాక్యంలా రాస్తుంటే, “ఏటి బావా, నవల రాత్తన్నావా?” అని వెక్కిరించేవాణ్ణి.

“పాత టెస్టేలే, తీసేద్దాం,” అన్నాను.

గ్రేస్ గారు విననే విన్నారు. “ఏటి తప్పింది బాబూ?”

“తెలీదండీ.”

“తెలీకుండానే తీసేత్తన్నారా? నాను మావోళ్లకి ఏటని సెప్పాలి?”

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పలరాజు కుర్చీ లాక్కుని నా పక్కకొచ్చాడు. “ఆగు బావా. ఆ ఒక్క లైనూ నాను రాసినట్టు రాయి. సైరన్ల జాబితాలో ఈ పేర్లన్నీ ఉండాలని సెప్పు, సాలు.”

assertThatతో మార్చి మళ్లీ నడిపాను. ఈసారి స్పష్టంగా చెప్పింది: జాబితాలో క్యాంటీన్ లేదు. నాలుగు రోజుల క్రితం కోడ్ సర్దుతూ ఆ పేరు చెరిపేసింది నేనే.

“భోజనాలప్పుడు మావోళ్లందరూ అక్కడే ఉంటారు బాబూ,” అన్నారు గ్రేస్ గారు మెల్లగా.

పేరు తిరిగి చేర్చాను. టెస్టులన్నీ పాసయ్యాయి. అయినా మర్నాడు ఫ్యాక్టరీలో సైరన్లు మోగించి చూసేదాకా నాకు ముద్ద దిగలేదు. ఒంటిగంటకి ఆవిడ ఫోను.

“మోగింది బాబూ! అందరూ ఎంగిలి సేతుల్తోనే బయటికొచ్చీసినారు!”

హమ్మయ్య! అప్పలరాజుని గట్టిగా కావలించుకున్నాను. ఆ మధ్యాహ్నమే పాత assertTrueలన్నీ వెతికి ఒక్కొక్కటే మార్చడం మొదలుపెట్టాను. తప్పిందని చెప్పే టెస్టు సరిపోదు, ఏది తప్పిందో కూడా అది చెప్పాలి. అదృష్టం బాగుండి, ఎవరి ప్రాణం మీదికీ రాకముందే నేర్చుకున్నాను.