ఎలకమ్మ పురుడు

ల్యాబ్‌లో ఎలుక పిల్లలు పెట్టే రోజులు దగ్గరపడ్డాయంటే అమెరికాలో, ట్రాయ్ ఊళ్లోని మా ఇంట్లో పోపు బంద్. ఇంగువ బంద్, తలకి కొబ్బరినూనె బంద్. కొత్తగా పిల్లలు పెట్టిన తల్లి ఎలుకకు కొత్త వాసన తగిలితే బెదిరిపోయి పాలివ్వడం మానేస్తుంది. ఒక్కోసారి పిల్లల్నే కొరికేస్తుంది. టోపీ, మాస్కు, గ్లవుజులు ఎన్ని తొడుక్కున్నా నాకు నమ్మకం చాలదు.

"ఎలక్కి పురుడైతే నాకు పథ్యమా? ఇదెక్కడి న్యాయం!" అని మా ఆయన చప్పిడి పప్పు ముందు కూర్చుని ప్రతిసారీ గొణుగుతాడు. గొణుగుతూనే మారు వడ్డించుకుంటాడు, అది వేరే సంగతి.

ఆ పసికూనల్ని చూసుకోవడమే నా ఉద్యోగం. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల పేగులు పాలను ఎందుకు తట్టుకోలేకపోతాయో మా ల్యాబ్ పరిశోధిస్తోంది. అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల పేగులూ అంత లేతగానే ఉంటాయి. అందుకే మాకు పాలు తాగే పిల్లలే కావాలి. ప్రయోగానికి వెళ్లిన పిల్లలు మళ్లీ తల్లి దగ్గరికి రావు. ఇష్టపడి చేస్తున్న పనే. వాటిని అప్పజెప్పే రోజు మాత్రం ఎవరూ నన్ను పలకరించరు, నా కోపం వాళ్లకి తెలుసు.

కిందటి చలికాలం మా అత్తయ్య మా దగ్గరికి వచ్చింది. పోపు సంగతి ఆవిడకి చెప్పాను. ఒక శుక్రవారం పొద్దున, తల్లి ఎలుక పిల్లలు పెట్టిందని మెసేజ్ వచ్చింది. తలస్నానం చేసి బయటికి వచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి పొగ! పైన స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

"శుక్రవారం కదమ్మా, పైగా పురిటికి వెళ్తున్నావు. దిష్టి తగలకూడదని వేశాను" అంది అత్తయ్య, ధూపం పళ్లెం పట్టుకుని.

తడి జుట్టుతోనే కుర్చీ ఎక్కి, తువ్వాలు ఊపి అలారం ఆపి, హడావిడిగా కారెక్కాను. ల్యాబ్‌లో అడుగుపెట్టగానే మా బాస్ ముక్కు ఎగబీల్చి, "క్యాంపింగ్‌కి వెళ్లి చలిమంట ముందు గానీ కూర్చున్నావా?" అంది. ఆ హడావిడిలో టోపీ, మాస్కు చాలులే అనుకుని, నవ్వేసి లోపలికి వెళ్లాను.

బోను మూత తీసి పిల్లల్ని చూశానో లేదో, తల్లి బెదిరి వాటిని చెల్లాచెదురు చేసి మూలకి నక్కింది. పసికూనల చర్మం ఎంత పల్చనంటే, పాలు తాగితే పొట్టలో తెల్లగా బయటికే కనిపిస్తాయి. ఒక్క పొట్టలోనూ తెలుపు లేదు. సాయంత్రానికీ అలాగే ఉంటే బాధ తెలియకుండా వాటి ప్రాణం తీసేయాలి, అది రూలు.

బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. "మీ సాంబ్రాణి కొంప ముంచింది అత్తయ్యా! తల్లి పాలివ్వట్లేదు" అని అరిచాను.

అక్కడే వాసన లేని సబ్బుతో మళ్లీ తల రుద్దుకున్నాను. పక్క బోనులో ముందురోజే పిల్లలు పెట్టిన మరో తల్లి ఉంది. దాన్ని కాసేపు వేరే పెట్టి, దాని గూటిలోని కాగితపు పీలికల్లో మా పిల్లల్ని దొర్లించి, దాని పిల్లల మధ్య కలిపి, తల్లిని తిరిగి దింపాను. తన వాసన వస్తే తన పిల్లలే అనుకుంటుందని ఆశ. దూరంగా జరిగి చూశాను.

అది మా పిల్లల్ని ఒక్కొక్కటే వాసన చూసి, నోట కరుచుకుని, పొట్ట కింద పెట్టుకుంది. సాయంత్రం చూస్తే అన్ని పొట్టల్లోనూ తెలుపు! హమ్మయ్య! ఆ ఆనందం ఇంతా అంతా కాదు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య పొద్దుటినుంచీ ఏమీ తినకుండా కూర్చుని ఉంది.

"తాగాయా?"

"తాగాయి అత్తయ్యా. ఇంకో తల్లి ఇచ్చింది."

కళ్లొత్తుకుంది. "పాలు ఎప్పుడు మానిపిస్తారు?"

"మానిపించం. అంతకుముందే ప్రయోగానికి వెళ్లిపోతాయి."

తిడుతుందేమో అనుకున్నాను. "అయితే ఉన్నన్నాళ్లూ కడుపునిండా తాగనీ" అంది.

మర్నాడు పొద్దున సాంబ్రాణి పొట్లం ఆవిడ సూట్‌కేసులోకి వెళ్లిపోయింది. టేబుల్ మీద పోపు లేని ఉప్మా ఉంది. మా ఆయన అలవాటుగా నోరు తెరవబోయాడు.

"నోర్మూసుకుని తినరా," అంది అత్తయ్య. "అక్కడ చంటిపిల్లలున్నారు."