తెరిచినవన్నీ మూసే అలవాటు

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఉంటున్న మా అమ్మాయి ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. భోజనాల బల్లే ఆఫీసు. నేను చదివింది ఐదో క్లాసు. అయినా అదే బల్ల దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటే కొన్ని మాటలు చెవిన పడక మానవు.

ప్రోగ్రాములో ఫైలు తెరిస్తే, పనయ్యాక మనమే మూయాలట. వదిలేస్తే అవన్నీ పోగై ఎప్పుడో ఒకనాడు ప్రోగ్రాము కూలబడుతుందట. ఆ సంగతి మా అమ్మాయికి ఒకరు చెప్పక్కర్లేదు. గదిలోంచి వస్తూ లైటు ఆపకపోతే నా చేత దెబ్బలు తిని పెరిగిన పిల్ల. తెరిచిన ప్రతిదాన్నీ మూసుకుంటూ, ఏళ్ల తరబడి తన ఆఫీసుకి ప్రోగ్రాములు అలాగే రాసి పెట్టింది.

కిందటేడు ఆఫీసువాళ్లు ఆ ప్రోగ్రాములు రాసే భాషలో కొత్త వెర్షన్‌కి మారారు. అందులో ఫైళ్లు వాటంతటవే మూసుకునేలా రాయొచ్చట. అయినా అమ్మాయి వేళ్లు ఊరుకోలేదు. కొత్తదాంట్లోనూ మూస్తూనే ఉంది.

ఒకరోజు మీటింగులో లాప్‌టాప్‌లోంచి ఒక గొంతు వినబడింది. అమ్మాయి దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు అమ్మాయికే పైఅధికారైన కుర్రాడిది. మా ఇంట్లో గోంగూర పప్పు అడిగి మరీ వేయించుకున్నవాడే.

"అక్కా, ఇంకా ఈ క్లోజ్‌లు ఏంటి? మీ కోడ్ చూస్తుంటే, ఆంటీ ఇల్లంతా తిరిగి లైట్లు ఆపుతున్నట్టే ఉంది."

అందరూ మనవాళ్లే. పగలబడి నవ్వారు. అమ్మాయీ నవ్వింది.

"అలవాటు రా. మార్చుకుంటాలే."

మార్చుకుంది. పాత ప్రోగ్రాములన్నీ కొత్త పద్ధతిలోకి మార్చే పని కూడా అమ్మాయికే ఇచ్చారు. 'మీకంటే బాగా ఎవరికి తెలుసక్కా' అన్నాడట ఆ కుర్రాడు. నేనూ మంచిదే అనుకున్నాను.

"అంతా మార్చేశాక ఏం చేస్తావే?" అని ఒక సాయంత్రం అడిగాను.

"అప్పుడు నాతో పనేముందమ్మా? ఆ పాతవి చూసుకోడానికేగా నన్ను ఉంచుకుంది."

గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, తర్వాత ఈ ఇల్లూ పోతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు.

"అయితే నెమ్మదిగా చెయ్యవే," అన్నాను. నా జన్మలో ఎవరికీ చెప్పని మాట అది.

అమ్మాయి తలెత్తి చూసింది. "పని సాగదీస్తే చెయ్యి విరగ్గొడతానన్నది నువ్వే కదమ్మా?"

మళ్లీ తల దించుకుని, తను రాసుకున్న మూసే వరుసల్ని ఒక్కొక్కటే చెరిపేసుకుంటూ పోయింది. వేళ్ల వేగం మాత్రం తగ్గలేదు.

మొన్న శుక్రవారం చివరిది కూడా అయిపోయింది. "అనుకున్నదానికంటే ముందే చేసేశారక్కా, సూపర్!" అన్నాడు కుర్రాడు. సోమవారం నుంచి మీటింగులకి పిలుపు లేదు. పంపేస్తున్నామనే మాట కూడా ఇంకా ఎవరూ అనలేదు.

అమ్మాయి మాత్రం పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి దాని ముందు కూర్చుంటోంది. మధ్యలో లేచి వెళ్లినా అలాగే వదిలేస్తోంది. మూయమని నేను చెప్పడం లేదు.