కనపడని అద్దం

ఆమ్లం లేని అట్ట, ఎండ రంగును తినేయకుండా ఆపే అద్దం, చేతులకు నూలు తొడుగులు. ఇన్ని జాగ్రత్తలు తీసుకుని ఒక పటాన్ని పాడుచేయడం అందరివల్లా అయ్యే పని కాదు. నావల్ల అయింది. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. మా ఇంట్లో అందరూ నవ్వేశారు.

పటం మా అత్తది. ధర్మవరంలో వాళ్లమ్మ మగ్గానికి ఎదురుగా పెట్టుకున్న లక్ష్మీదేవి. రాతి పలక మీంచి కాగితం మీద అచ్చేసిన పాతకాలపు బొమ్మ. ఇప్పుడు వెతికినా దొరకదట. వెనకున్న చెక్క పుణ్యమా అని అంచుల్లో గోధుమరంగు మరకలు పాకుతున్నాయి.

"మా అమ్మ గుర్తుగా ఇదొక్కటే మిగిలిండాది. బద్రం నాయనా" అని అనంతపురం తెచ్చి నా చేతిలో పెట్టింది.

నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. చెక్కలోని ఆమ్లం కాగితాన్ని తింటోందని తెలియగానే యుద్ధం ప్రకటించాను. బెంగళూరు నుంచి సామాన్లు తెప్పించాను. రెండు ఆదివారాలు కూర్చున్నాను. తుమ్ము వస్తే వీధిలోకి వెళ్లి తుమ్మి వచ్చాను.

"ఆపరేషనా? పేషంటు బతుకుతాదా?" అంది మా ఆవిడ.

శుక్రవారం అత్త వచ్చింది. పటాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూసింది.

"బాగుండాదప్పా. అద్దం యాడ?"

"ఉండాదత్తా. మ్యూజియాల్లో వాడేది. కనపడదు."

"కనపడకుంటే అదేం అద్దమప్పా?"

"అదే దాని గొప్ప. చూడు, ఒక్క మెరుపైనా ఉందా?"

"నాకెందుకో లేనట్లే ఉండాది."

కాంతి పరావర్తనం గురించి ఐదు నిమిషాలు ఉపన్యసించాను. నా విద్యార్థులైతే ఈపాటికి నిద్రపోయేవాళ్లు. దురదృష్టవశాత్తూ అత్త మేలుకునే ఉంది.

"సరేలే. శుక్రవారం బొట్టు పెట్టల్ల గదా, నాకు భయమయితాంది."

మా ఇళ్లలో శుక్రవారం పటం అద్దం మీద, సరిగ్గా అమ్మవారి నుదుటి దగ్గర తడి కుంకుమ పెడతారు. వారం తర్వాత తుడిచి మళ్లీ పెడతారు.

"భయమెందుకత్తా? నేనే పెడతా, చూడు" అని వేలు నిండా కుంకుమ అద్దుకుని గట్టిగా నొక్కాను.

అద్దం చల్లగా ఉండాలి. ఇది మెత్తగా ఉంది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ పడకగదిలోంచి కేకేసింది. "ఏమయ్యా, బీరువా పక్కన ఈ అద్దమేంది? కాలు తగిలిండేది!"

నిజమే. తుడిచి, ఆరడానికి నేనే అక్కడ నిలబెట్టాను. ఫ్రేము బిగించేటప్పుడు అద్దం కనపడకపోతే, చెప్పినట్టే పనిచేస్తోందని సంతోషించాను.

మా నేల తొలకరి చుక్కను పీల్చినట్టు కాగితం కుంకుమను పీల్చేసింది. మిగిలింది ముక్కు దాకా జారింది.

"తుడుద్దునా?" అంది అత్త, కొంగు అందుకుని.

"వద్దొద్దు, పాకుతాది!" అన్నాను. ఆ నెలలో నేను చెప్పిన సరైన మాట అదొక్కటే.

అత్త పటం మీదికి వంగి చూసింది. నేను నేలనే చూశాను.

"మా అమ్మ బతికినన్నాళ్లూ అద్దానికే పెట్టింది బొట్టు" అంది. "లక్ష్మికి ఒక్కసారైనా తగల్లేదు, పాపం. ఇన్నాళ్లకు నువ్వు తగిలించినావు. ఉండనీ."

కొంగు నడుముకు దోపుకుని, "ఇంగ ఆ అద్దం బిగించు. తట్టి చూసేది మాత్రం నేనే" అంది.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: కంటికి కనపడనిది ఏదైనా సరే, ఉందని మా అత్తతో ఇక వాదించను. దేవుడి విషయమైనా అంతే.