చేతిదాకా రాని చూపు

మా తమ్ముడు ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు. నట్టు వంక చూస్తే చాలు, ఏ నంబరు పానాతో విప్పాలో వాడి చేతికి తెలిసిపోయేది. తర్వాత ఎవరివో మాటలు వినపడుతున్నాయంటూ షెడ్డు మానేశాడు. స్కిజోఫ్రేనియా అన్నారు. మందులతో ఆ మాటలు తగ్గాయిగానీ చెయ్యి కుదురుకోలేదు. ఎదురుగా ఉన్న మంచినీళ్ల గ్లాసు కోసం చాస్తే పక్కకు పోయేది.

నాలుగో క్లాసు చదివిన నాకు అర్థమయ్యేలా చెప్పారు గుణదల డాక్టరుగారు. ఈ జబ్బులో కొందరికి, మెదడులో చూసే చోటుకీ చేతిని కదిలించే చోటుకీ మధ్య కబురు సరిగా అందదట. బద్ధకం కాదు, నటనా కాదు, తొందరపెట్టొద్దన్నారు. షెడ్డు ఓనరు భాయి ఆ ముక్క విని, పనివాళ్లు పానాలు విసురుకునే అలవాటు మాన్పించాడు. వాడికి చేతిలోనే పెట్టమన్నాడు. అలా మళ్లీ పనిలోకి వెళ్లి వారమైంది. మా ఇంటికి అదే పండగ.

అంతలో చల్లపల్లిలో మా బాబాయి కూతురి నిశ్చితార్థం. సంబంధం చెడుతుంది, జబ్బు పేరెత్తొద్దన్నాడు బాబాయి. నేనూ తలూపాను. వియ్యాలవారి విస్తట్లో నెయ్యి ఇంటి మగపిల్లలే వడ్డించాలి మాలో. బాబాయే తమ్ముడి చేతికి నేతిగిన్నె ఇచ్చాడు. నెయ్యి విస్తరి దాటి వియ్యంకుడి పంచె మీద పడింది.

"పొద్దున్నే మందు పట్టించాడండీ మావాడు," అన్నాడు బాబాయి. జబ్బనేకంటే తాగుబోతనడమే ఆయనకు పరువు. పంక్తంతా నవ్వింది. దాంతో హుషారొచ్చి బాబాయి ఓ లడ్డూ తీశాడు.

"పట్టరా, చూద్దాం."

అది వాడి గుండెకి తగిలి కింద పడింది. ఇంకోటి విసిరాడు. వియ్యంకుడు తను కొరికిన ఎంగిలి లడ్డూ విసిరాడు. ఆ నేతి చేతులూ, నోట్లో ముద్దలతో ఆ ఇకిలింపులూ రోత. అంతకంటే రోత, నేను నోరు మూసుకుని కూర్చోవడం.

వాడు నా దగ్గరికొచ్చాడు. "కనపడిందక్కా. చెయ్యే రాలేదు."

అప్పుడు లేచాను. ఆ జబ్బేమిటో పేరు పెట్టి అందరికీ చెప్పాను.

"తాగడానికి వాడికి గ్లాసే అందదు బాబాయ్."

ఎవరూ నవ్వలేదు. ఎంగిలి చేత్తోనే వాణ్ణి తీసుకుని బస్సెక్కాను.

సోమవారం వాడు షెడ్డుకు పోలేదు, మంగళవారమూ పోలేదు. బుధవారం భాయి వచ్చి పద్నాలుగో నంబరు పానా వాడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి వెళ్లాడు. వాడింకా బయల్దేరలేదు. పానా మాత్రం కింద పెట్టలేదు.