గోడవారన డ్రమ్ము

ఏసీ బాగుచేసి స్విచ్ వేయగానే చల్లగాలి కంటే ముందు సన్నటి గరగర వస్తుంది. సౌదీలోని ఖతీఫ్‌లో ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నా, ఆ చప్పుడు వినగానే నా చెవి ఇప్పటికీ పాట కోసం ఆగుతుంది. ఖాదర్ భాయ్ గదిలో గ్రామఫోను ముల్లు రికార్డు మీద ఆనితే మొదట వచ్చేది ఆ గరగరే.

ఆయన మా కంపెనీ ఆఫీసులో గుమస్తా, హైదరాబాదు మనిషి. దేశం విడిచిపోయే అమెరికావాళ్లు అమ్ముకునే సామాన్లలో వెతికి, తొలినాళ్ల జాజ్ సంగీతం ఉన్న లక్క రికార్డులు కొనేవారు. మొదటిసారి ఏసీ బాగుచేయడానికి వెళ్లినప్పుడు, మనిషి లేని గదికి ఇంత చలువెందుకని వేళాకోళం చేశాను.

“మనిషికి చెమట పడ్తె తుడ్సుకుంటడు, మల్లేశ్. లక్క వేడికి వంగిందంటె గంతే!” అన్నారు.

నేనేమో కాలుగాలిన పిల్లిని, ఒకచోట కూర్చోలేను. శుక్రవారాలు ఆయన పట్టి కూర్చోబెట్టేవారు. ఒక వైపు పాట అయిపోగానే ముల్లు పారేసి కొత్తది బిగించాలి, లేకపోతే అరిగిన ముల్లు రికార్డును తినేస్తుంది.

“కాలు ఊపకు. డ్రమ్ము ఏడున్నదో చెప్పు.”

“డ్రమ్మే లేదు భాయ్!”

ఆ కాలంలో మైకులు లేవట. అందరూ ఒకే గొట్టం ముందు వాయించాలి. మోతకు పాటను చెక్కే ముల్లు అదిరిపోతుందని డ్రమ్ము మనిషిని దూరంగా గోడవారన ఉంచేవారట. చాలా శుక్రవారాల తర్వాత బాకాల వెనక ఎవరో తలుపు తట్టినట్టు టకటక వినిపించింది. ఎగిరి గంతేశాను. ఆయన తిట్టలేదు. కొత్త ముల్లు బిగించి మళ్లీ అదే పాట పెట్టారు.

తర్వాత బయటి దేశాలవాళ్ల మీద లెవీ అనే పన్ను వచ్చింది. ఇక్కడున్న కుటుంబంలో తలకింత కట్టలేక ఖాదర్ భాయ్ భార్యాపిల్లలను ఇంటికి పంపారు. పనిలో సౌదీవాళ్లు చాలినంతమంది లేరని సర్కారువారి నితాఖత్ లెక్కలో మా కంపెనీ ఎరుపులో పడింది, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులు రెన్యువల్ కావన్నారు. నాకు పూచీపడి పనిలో పెట్టుకునే ఇంకో కఫీల్ దొరికాడు. ఆయన వయసుకు ఎవరూ దొరకలేదు, ఇక దేశం విడిచిపొమ్మని ఫైనల్ ఎగ్జిట్ పడింది. విమానంలో వేస్తే లక్క ముక్కలవుతుంది. మా క్యాంపులోనేమో పగలు ఏసీలు ఆపేస్తారు. బట్టలైనా సర్దుకోకుండా ఆయన గదంతా తిరుగుతుంటే చూడలేకపోయాను. నేను ఏసీలు చూసే, రాత్రింబవళ్లు చల్లగా ఉండే ఖర్జూరాల గోదాము యజమానిని బతిమాలితే ఒక మూల చూపించాడు. రికార్డులను పడుకోబెట్టకుండా నిలబెట్టి సర్ది, పక్కనే గ్రామఫోను పెట్టాం. ఖాదర్ భాయ్ ప్రతి అట్టనూ తడిమి, హైదరాబాదు వెళ్లిపోయారు.

నా ఇఖామా గడువు దగ్గరపడినప్పుడల్లా ఒకటే ఆలోచన. నేనూ పోతే వీటికి దిక్కెవరు? అయినా శుక్రవారం గోదాములో కొత్త ముల్లు బిగించి, ఆయనకు ఫోను కలిపి గ్రామఫోను పక్కన పెట్టి కూర్చుంటాను. కాలు ఊపను. మొన్న పాట మధ్యలో ఫోనులో ఆయన గొంతు కంగారుగా వచ్చింది.

“మల్లేశ్, డ్రమ్మాయన ఇనవడ్తలేడు. పోయిండా?”

“ఉన్నడు భాయ్. గోడ కాడనే ఉన్నడు. నేను ఇంటున్న.”